తొలి కాపు బీర, బెండ, సుందరి మామిడి: ఎప్పుడు కోయాలి, ఎక్కడ అమ్మాలి?

దొడ్డి_విజయనగరం అడిగారు:
ఊరి చివర 5 సెంట్ల దొడ్డి. జనవరి మూడోవారంలో పెట్టిన బీర (8 పాదులు), ఆనప (2 పాదులు), రెండు మళ్ల బెండ కాపుకొచ్చాయి. బీర పిందెలు వేలెడంత అయ్యి పసుపు తిరిగి రాలిపోతున్నాయి. పండుఈగ అనుకుని ఎర బుట్ట కట్టాం, ఏం లాభం లేదు. సుందరి (సువర్ణరేఖ) చెట్టు ఒకటుంది, కాయలకి ఎరుపొచ్చేసింది, కోసేయొచ్చా? ఇంట్లోకి పోను రోజు విడిచి రోజు 3, 4 కిలోలు మిగిలేలా ఉన్నాయి. ఎక్కడ అమ్మితే మంచిదో కూడా చెప్పండి బాబూ.

పందిరిరాట:
ముందు రాలిన పిందెను నిలువునా కొయ్యండి. లోపల తెల్ల పురుగులు గానీ, తొక్క మీద సూదిగుచ్చు, దాని చుట్టూ జిగురు గానీ ఉంటే ఈగ. ఏమీ లేకుండా కొస నుంచి వాడిపోతే పరాగం పడలేదని. బీర పువ్వు సాయంత్రం విచ్చుతుంది, కాబట్టి పొద్దున చేతి పరాగం చేస్తే దండగ. పొద్దుగూకే వేళ మగపువ్వు (వెనకాల పిందె ఉండదు) తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. ఒక మగపువ్వు రెండు ఆడపువ్వులకి సరిపోతుంది. ఆ వేళకి మందు కొట్టకండి.

ఈగే అయితే ఎర ఏదో చూడండి. మామిడికి వాడే మిథైల్ యూజినాల్‌కి పాదుల మీద వాలే ఈగ రాదు, దానికి క్యూల్యూర్ కావాలి. దుకాణంలో అడక్కుండా తెచ్చుకుంటే చాలాసార్లు మామిడి ఎరే చేతిలో పెడతారు. ఈ రెండు ఎరలూ మగ ఈగల్నే పట్టేవి, అందుకని రాలిన పిందెల్ని ఏరి రెండడుగుల గోతిలో పూడ్చకపోతే బుట్ట ఒక్కటీ ఏం చేయలేదు.

కోత సంగతి. బెండ నాలుగంగుళాలకి రాగానే, రోజు విడిచి రోజు. కొన విరిస్తే టక్కుమనాలి, వంగితే ముదిరినట్టే. ఈ ఎండలకి ఒక్కరోజు మరిచినా నార పడుతుంది, పైగా ముదురుకాయ చెట్టు మీద ఉంటే కొత్త పూత తగ్గిపోతుంది. ఆనపకి గోరు నొక్కితే దిగాలి, తొక్క మీద నూగు ఉండాలి. బీరనీ ఆనపనీ చాకుతో కాడతో సహా కోయండి, లాగితే తీగ చెడుతుంది.

ఇంకోటి. ప్రతి పాదు తొలికాయనీ కోసి చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే ఉమ్మేసి, ఆ పాదు పీకేయండి. చేదు ఆనప తింటే వాంతులు, రక్తపు విరేచనాల దాకా వెళ్తుంది. అది ఇంట్లోకీ వద్దు, అమ్మకానికీ వద్దు.

మెట్టతోట_పలాస:
మామిడి ఇప్పుడే కోసేయండి. ముందొచ్చిన కాయకే రేటు. గడ్డిలో వేస్తే అదే పండుతుంది.

చిక్కంకర్ర:
అలా చేస్తే మొదటి బుట్ట పోతుంది, రెండో బుట్టకి ఎవరూ రారు. సుందరికి ఎరుపు ఎండ తగిలే వైపు ముందే వచ్చేస్తుంది, అది పక్వం కాదు. తొడిమ చుట్టూ భుజాలు ఉబ్బి, తొడిమ గుంటలోకి దిగినట్టు కనబడాలి. ఒక కాయ కోసి చూస్తే టెంక గట్టిపడి, దాని చుట్టూ కండ తెలుపు పోయి పసుపు తిరగాలి. నమ్మకం కుదరకపోతే చెట్టుకి నాలుగువైపులా ఐదు కాయలు తీసి బకెట్ నీళ్లలో వేయండి. మునిగితే ముదిరినవి, తేలితే లేతవి. లేతకాయ గడ్డిలో ముడతలు పడి మెత్తబడుతుంది గానీ తీపి రాదు. కూరగాయకి లేతదనం అందం, మామిడికి అదే దోషం.

కోసేటప్పుడు అంగుళం తొడిమ ఉంచి కోసి, తర్వాత తొడిమ విరిచి కాయని బోర్లించండి, గంటసేపు సొన కారిపోతుంది. తొక్కకి సొన తగిలితే నల్ల చారలు పడతాయి, ఆ కాయ సగం ధరకి కూడా పోదు. కార్బైడ్ జోలికి పోకండి, చట్టం నిషేధించింది. ముదిరిన కాయ వరిగడ్డిలో వారం లోపే పండుతుంది. తొందరుంటే పక్కన రెండు పండిన అరటిపళ్లు పెట్టండి.

తూకంరాయి:
3, 4 కిలోలకి రైతుబజార్‌లో చోటు ఆశించకండి, అక్కడ గుర్తింపు కార్డు ఉన్న రైతులే కూర్చుంటారు. అక్కడి ధరల బోర్డు మాత్రం రోజూ చూసి, అదే రేటు మీ వీధిలో చెప్పండి. కొసరు వేయడం మరవకండి, మళ్లీ మీ గుమ్మానికి వచ్చేది దానికే. బెండని కడగొద్దు, తడి తగిలితే నల్లబడి జిగురు వస్తుంది. బీర ఈనెలు ఒరుసుకుంటే నల్లబడతాయి, బుట్టలో పేపరు పరిచి ఒకే వరస పేర్చండి. మందు కొట్టి ఉంటే డబ్బా మీద రాసిన రోజులు గడిచాకే కోత, అది మీరు తినేదానికైనా సరే.

దొడ్డి_విజయనగరం:
ఎర చీటీ చూశాం, మిథైల్ యూజినాలే! మారుస్తాం. పిందెలో పురుగు కూడా ఉంది. బకెట్లో ఐదు కాయలకి నాలుగు తేలాయి.

చిక్కంకర్ర:
అయితే చెట్టు జోలికి వారం దాకా పోకండి, అప్పుడు మళ్లీ బకెట్ పెట్టండి. తేలిన నాలుగూ పప్పులోకి.