ముసురు రోజుల్లో కోడిపిల్లలకు బల్బా, కుంపటా?

రాజోలు లంక రైతు:
ఎల్లుండి గుడ్లు పొదిగే మిషన్‌లోంచి యాభై నాటుకోడి పిల్లలు దిగుతాయండి. గోదావరి పొంగు మీదుంది, ముసురు వదలట్లేదు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. బల్బును నమ్ముకుంటే పిల్లలు దక్కవు, గది మూసేసి బొగ్గుల కుంపటి పెట్టమంటున్నారు మా మావయ్య. మీరేమంటారు?

తణుకు షెడ్డు:
మావయ్యగారి మాటే రైటు. కరెంటు లేని రోజుల్లో మన పెద్దాళ్లు కోళ్లు పెంచలేదా? బల్బు కింద ఒక్కచోటే వేడి. కుంపటి పెడితే గదంతా వెచ్చబడుతుంది.

అనపర్తి కోళ్లు:
దయచేసి ఆ గది మూయకండి. గాలి ఆడని చోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. పిల్లలే కాదు, కాపలా పడుకున్న మనిషి కూడా లేవడు. ఈ విషయంలో నేను రాజీపడను.

గదంతా వెచ్చబడాల్సిన పనీ లేదు. మొదటి వారం పిల్లకు 35 డిగ్రీలు కావాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. వేడెక్కిన పిల్ల పక్కకు తప్పుకోవడానికి చల్లటి చోటు కూడా ఉండాలి. అందుకే ఒక్కచోట వేడే మేలంటున్నాను. పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది: బల్బు కింద గుట్టపడి అరుస్తుంటే చలి, అంచులకు పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, అంతటా పరుచుకుని తింటుంటే సరిపోయినట్టు.

అట్టతో గుండ్రంగా దడి కట్టండి. మూలలుంటే అక్కడ గుంపుపడి కిందివి నలిగిపోతాయి. రెండంగుళాల పొడి ఊక పోసి, తొలి రెండు రోజులు పైన గోనెసంచి పరవండి. నున్నటి పేపరు వేస్తే కాళ్లు జారి ఎడమైపోతాయి. బల్బును గొలుసుతో గట్టిగా కట్టండి, ఊకలో పడిందా, షెడ్డే అంటుకుంటుంది.

తణుకు షెడ్డు:
గాలి సంగతి ఒప్పుకుంటా. మేం పరదాలు పైన జానెడు వదిలే దించుతాం. మరి నాలుగు గంటలు కరెంటు పోతే?

అనపర్తి కోళ్లు:
సీసాల్లో వేడినీళ్లు పోసి, గోనె చుట్టి మధ్యలో పెట్టాలి. చల్లారగానే మార్చాలి. దడిని కాస్త దగ్గరకు లాగి, ఈదురుగాలి తగలకుండా చూడాలి. రాత్రి నిద్ర ఉండదు, అది నిజమే.

పాలకొల్లు పెరటికోళ్లు:
ఇద్దరూ పెట్టను మర్చిపోయారండి! పొదుగుతున్న పెట్ట ఉంటే చీకటి పడ్డాక గుడ్లు తీసేసి, పది పిల్లల్ని మెల్లిగా కింద పెట్టండి. చాలా పెట్టలు తెల్లారేసరికి సొంత పిల్లల్లాగే చూసుకుంటాయి. ముంగిస, పందికొక్కు రాకుండా గంప మూసి బరువు పెట్టండి.

అనపర్తి కోళ్లు:
మంచి మాట. కాకపోతే యాభైకి అయిదు పెట్టలు కావాలి, అవీ ఒకేసారి పొదుగు మీదుండాలి.

రాజోలు లంక రైతు:
ఆయ్, కుంపటి మానేస్తున్నానండి. మావయ్యకు నేను చెప్పుకుంటాను. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులున్నాయి, సరిపోతాయా?

అనపర్తి కోళ్లు:
చాలవండి, వాటి వేడి పిల్లలకు ఏ మూలకూ రాదు. వంద వాట్ల ఫిలమెంటు బల్బులు రెండు తెండి, ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది. రేపే వెలిగించి, ఊక వెచ్చబడిందో లేదో చేత్తో చూసుకోండి.