కొత్త దేశానికి వెళ్లేటప్పుడు పన్నుల విషయం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
ఉద్యోగరీత్యా త్వరలో వేరే దేశానికి వెళ్తున్నాను. అక్కడి జీతం సంగతి అలా ఉంచితే, స్వదేశంలోని డిపాజిట్లపై వచ్చే వడ్డీని, ఇంటి అద్దెను కూడా అక్కడి రిటర్నులో చూపించాలా, చూపిస్తే ఒకే ఆదాయానికి రెండుచోట్లా పన్ను కట్టవలసి వస్తుందా అన్నది స్పష్టం కావడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
శ్లాబులు, మినహాయింపుల జోలికి వెళ్లే ముందు, ఏ సంవత్సరానికి మీరు ఏ దేశంలో పన్ను నివాసి (పన్ను లెక్కకు ఆ దేశ నివాసిగా పరిగణించే వ్యక్తి) అవుతారో తేల్చుకోండి. వీసాకూ దీనికీ నేరుగా సంబంధం ఉండకపోవచ్చు. ఏడాదిలో 183 రోజులు ఉంటే నివాసి అనే లెక్క చాలా దేశాల్లో ఉన్నా, అదొక్కటే కొలమానం కాదు. బ్రిటన్‌లో అన్ని రోజులు నిండకపోయినా కుటుంబం, ఇల్లు, పని వంటి బంధాలను బట్టి నివాసిగా లెక్కించవచ్చు. అమెరికా గత రెండేళ్ల రోజుల్లోనూ కొంత భాగాన్ని కలుపుతుంది. నివాసి అయినవారి ప్రపంచవ్యాప్త ఆదాయంపై పన్ను వేసే దేశాలే ఎక్కువ కనుక, మీ వడ్డీ, అద్దె సాధారణంగా అక్కడ చూపవలసినవే. సింగపూర్, హాంకాంగ్ పద్ధతి వేరు.

రెండవ సమాధానం:
రెండుసార్లు పన్ను పడకుండా చాలా దేశాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందాలున్నాయి. అద్దెపై స్వదేశంలో 10 కట్టారనీ, కొత్త దేశంలో అదే ఆదాయానికి 25 పడుతుందనీ అనుకుంటే, క్రెడిట్ పద్ధతిలో అక్కడ మిగిలిన 15 కడితే సరిపోతుంది. స్వదేశంలోనే ఎక్కువ కట్టి ఉంటే ఆ అదనపు మొత్తాన్ని కొత్త దేశం సాధారణంగా తిరిగి ఇవ్వదు. ఒప్పందం ఉన్నంత మాత్రాన రిటర్ను దాఖలు చేసే బాధ్యత తప్పదని, దయచేసి, గుర్తుంచుకోండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. నా కుటుంబం మాత్రం మరికొన్నాళ్లు స్వదేశంలోనే ఉంటుంది. రెండు దేశాలూ నన్ను తమ నివాసిగానే పరిగణిస్తే ఏం చేయాలి?

మూడవ సమాధానం:
ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) నమూనాను అనుసరించే ఒప్పందాల్లో ఇందుకొక వరుస ఉంది. శాశ్వత నివాసగృహం ఎక్కడుందో మొదట చూస్తారు. రెండుచోట్లా ఉంటే వ్యక్తిగత, ఆర్థిక సంబంధాలు ఎక్కడ బలంగా ఉన్నాయో చూస్తారు. అక్కడా తేలకపోతే అలవాటుగా నివసించే చోటు, ఆపై పౌరసత్వం లెక్కకు వస్తాయి. మీ విషయంలో కుటుంబం స్వదేశంలో ఉండడం రెండవ మెట్టులో చాలా బరువైన అంశం కాగలదు కాబట్టి, ప్రయాణ తేదీలు, అద్దె ఒప్పందం, ఉద్యోగ పత్రాలు భద్రపరచుకోండి. పన్ను సంవత్సరాలు కలవకపోవడం మరో చిక్కు. బ్రిటన్‌లో ఏప్రిల్ 6న, ఆస్ట్రేలియాలో జులై 1న, అమెరికాలో ఎక్కువమందికి జనవరి 1న అది మొదలవుతుంది కాబట్టి, ఏ నెల ఆదాయం ఏ ఏటి రిటర్నులోకి వస్తుందో రెండు వైపులా విడివిడిగా రాసి పెట్టుకోవాలి. సామాజిక భద్రత చందాకు (పింఛను వంటి వాటి కోసం జీతం నుంచి కట్టేదానికి) మాత్రం ఈ ఒప్పందాలు సాధారణంగా వర్తించవు. దానికి వేరే ఒప్పందం ఉందేమో బయలుదేరక ముందే మీ యాజమాన్యాన్ని అడగండి.