దిండు గలీబు మీదే ఫ్రీ మోషన్ నేర్చుకోవచ్చా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం): 16 అంగుళాల దిండుకి గలీబు కుడుతున్నాను. పైన గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగున పాత లుంగీ. మూడూ కదలకుండా పిన్నీసులు పెట్టాను, ఫోటో చూడండి. గుడ్డను చేత్తోనే తిప్పుతూ మెలికలు మెలికలుగా కుట్టే ఫ్రీ మోషన్ క్విల్టింగ్ దీని మీదే నేర్చుకుందామని. ఇంట్లోవాళ్లు ముందు పీలికల మీద నేర్చుకోమంటున్నారు. ఏమంటారు?

గంటస్తంభం టైలరక్క (విజయనగరం): ఇంట్లోవాళ్ల మాట విను చెల్లీ. ముందు సూది కింద గుడ్డని లాగే మిషన్ పళ్లు దించావా? అవి పైకి ఉంటే నువ్వు ఒక పక్కకి తిప్పుతావు, అవి ఇంకో పక్కకి లాగుతాయి. సూది విరుగుతుంది. గుడ్డని గట్టిగా నొక్కి పట్టని డార్నింగ్ ఫుట్ ఉందా? కుట్టు పొడుగు ఇక్కడ మిషన్ చూసుకోదు, నీ చెయ్యే చూసుకోవాలి. కాలు నెమ్మదిగా తొక్కి చెయ్యి గబగబా తిప్పితే బారు కుట్లు. చెయ్యి ఆగి కాలు పరిగెడితే దారం ముద్ద. ఆ లెక్క కుదిరేదాకా పది రోజులు పాత దుప్పటి ముక్కల మీద కుట్టు.

రాజాం బాబాయ్: పళ్లు దించక్కర్లేదు. మా ఆవిడ కుట్టు పొడుగు సున్నాకి పెట్టి కుడుతుంది. ఏ సూదీ విరగలేదు.

గంటస్తంభం టైలరక్క: సున్నాకి పెట్టినా పళ్లు లేచి పడుతూనే ఉంటాయి బాబాయ్ గారూ. గుడ్డకి తగులుతాయి.

రాజాం బాబాయ్: తగిలితే తగలనివ్వండి. కుట్టు పడుతోందా లేదా?

గంటస్తంభం టైలరక్క: ఈసారి మీ ఆవిడ గారినే రాయమనండి.

నాగావళి ఒడ్డు: పీలికలంటే రెండు కుట్టి మూల పడేస్తాను అక్కా, నా సంగతి నాకు తెలుసు. దిండైతే పూర్తి చేస్తాను. పైగా గలీబు లోపలి వైపు ఎవరు చూస్తారు? దారం బిగువు (టెన్షన్) తేడా వచ్చి మలుపుల దగ్గర పై దారం కిందకి దిగి ఉచ్చుల్లా వేలాడినా దిండు కప్పేస్తుంది. కుట్టాక గుడ్డ ముడుచుకుంటుందని 18 అంగుళాలు కోశాను కూడా.

పొందూరు పత్తి: దిండు మీదే కానివ్వమ్మా. బొంతలు కుట్టడానికి మన అమ్మమ్మలు ఎక్కడ ట్రైనింగ్ అయ్యారేటి?

గంటస్తంభం టైలరక్క: బొంతలో కుట్టు తప్పితే దారం లాగితే వచ్చేస్తుంది. ఇది విప్పాలంటే అంగుళానికి పదేసి కన్నాలు. నా దగ్గర పనికి చేరిన ఒక అమ్మాయి కస్టమర్ జాకెట్టు గుడ్డ మీద ఈ వేషాలే వేసింది. గుడ్డ డబ్బులు నేను కట్టుకున్నాను.

నాగావళి ఒడ్డు: ఇది కస్టమర్ గుడ్డ కాదు, నాది. ఆ అమ్మాయి మీద కోపం నా మీద చూపిస్తారేటి? మీ చేత నెలల తరబడి పీలికల మీద కుట్టించారని అందరూ అలాగే ఏడవాలా?

రాజాం బాబాయ్: పళ్ల సంగతి ఎటూ తేలలేదు.

గంటస్తంభం టైలరక్క: ఏ గుడ్డో నువ్వు చెప్పలేదు. ఫోటో పెద్దది చేసి చూశాను. పొందూరు చీర కదూ? చాలా ఉతుకులు చూసిన చీర.

నాగావళి ఒడ్డు: అవును. మా మామ్మది. పోయి మూడేళ్లైంది.

గంటస్తంభం టైలరక్క: అందుకే మొత్తుకునేది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికిన నూలది. చిరిగితే మళ్లీ ఆవిడ కట్టిన చీర ఎక్కడ తెస్తావు? నేర్చుకునే రోజుల్లో మా అమ్మ చీర కోసి పాడుచేశాను. ఆ ముక్కలు ఇప్పటికీ పెట్టెలోనే ఉన్నాయి.

నాగావళి ఒడ్డు: నేనూ మూడేళ్లు పెట్టెలోనే ఉంచాను అక్కా. మడతల దగ్గర దానంతటదే చిరుగుతోంది. తల కిందైనా పెట్టుకుందామని. వంకర పోతే పోనీ, ఆవిడ కుట్టిన బొంతలో ఒక్క వరసా తిన్నగా లేదు.

గంటస్తంభం టైలరక్క: చిరుగుతుంటే చీర కింద పల్చటి మల్లు గుడ్డ వెయ్యి. 14 నంబరు సూది చాలు. పళ్లు దించావా మరి?

నాగావళి ఒడ్డు: మా మిషన్‌కి కింద పళ్లు దించే మర లేదు. శుభలేఖ ముక్కకి కన్నం పెట్టి పళ్ల మీద టేపు వేశాను.

గంటస్తంభం టైలరక్క: శుభలేఖ మందం, గుడ్డ దానికి తగులుకుని ఆగిపోతుంది. పాత ప్లాస్టిక్ ఫైలు ముక్క పెట్టు.

రాజాం బాబాయ్: నేను మొదటే చెప్పాను, దించక్కర్లేదని.