85 బేర్స్ వర్సెస్ 07 పేట్రియాట్స్: ఎనిమిది జట్ల బ్రాకెట్‌కి లెక్క ఎలా కట్టాలి?

మధురవాడ_మూడోడౌన్ అడిగిన ప్రశ్న

విశాఖ గ్రూపులో ఆఫ్ సీజన్ కాలక్షేపానికి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) చరిత్రలోని ఎనిమిది మేటి జట్లతో ఊహా నాకౌట్ పెడుతున్నాం. 1962 ప్యాకర్స్, 1972 డాల్ఫిన్స్, 1976 స్టీలర్స్, 1985 బేర్స్, 1989 ఫార్టీనైనర్స్, 1991 వాషింగ్టన్, 2007 పేట్రియాట్స్, 2013 సీహాక్స్. ఆదివారం సాయంత్రానికో మ్యాచ్ చొప్పున ఎక్సెల్‌లో ఆడించి, టీవీ తెర మీద అందరికీ చూపించాలని ప్లాను.

మొదటి మ్యాచ్ బేర్స్, పేట్రియాట్స్. అక్కడే పీటముడి పడింది. సగం మంది బేర్స్ 46 డిఫెన్స్ (ఎనిమిది మందిని ముందుకి తెచ్చే ఎత్తుగడ) ముందు పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) బ్రేడీ నిలబడలేడంటారు, మిగతా సగం వాళ్ల రిసీవర్ (బంతి అందుకునేవాడు) ర్యాండీ మాస్‌ని ఒంటరిగా కాసే కార్నర్ 1985లో ఎవడున్నాడంటారు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లే గెలిచేలా ఉంది. ఏ అంకెలు తీసుకోవాలి, ఏ ఏడాది రూల్స్ పెట్టాలి, సంచలనాలకి చోటు ఎలా ఉంచాలి? షీట్‌లో టైప్ చేసుకునేట్టు చెప్పండి గురూ. "మా టీమే గొప్ప" అనే జవాబులు మా వాట్సాప్‌లో కావలసినన్ని ఉన్నాయి.

సిరిపురం_షీట్

మొత్తం పాయింట్లు పోల్చకండి. 1977 దాకా రెగ్యులర్ సీజన్‌కి 14 మ్యాచ్‌లు, 1978 నుంచి 16, 2021 నుంచి 17. కాబట్టి ప్రతి జట్టుకీ మ్యాచ్‌కి ఎన్ని వేసింది, ఎన్ని ఇచ్చింది, ఆ ఏడు లీగ్‌లో ఒక్కో జట్టు సగటు స్కోరు ఎంత, ఈ మూడూ రాసుకోండి. సగటు నుంచి ఎంత పైకి, ఎంత కిందికి అన్నదే ఆ జట్టు అసలు బలం.

మీ మ్యాచ్‌నే తీసుకుందాం. 1985 బేర్స్ 16 మ్యాచ్‌ల్లో 456 వేసి 198 ఇచ్చారు. అంటే 28.5, 12.4. ఆ ఏడు లీగ్ సగటు 21.5. అటాక్ ప్లస్ 7.0, డిఫెన్స్ మైనస్ 9.1. 2007 పేట్రియాట్స్ 589 వేసి 274 ఇచ్చారు, అంటే 36.8, 17.1. లీగ్ సగటు 21.7. అటాక్ ప్లస్ 15.1, డిఫెన్స్ మైనస్ 4.6.

రెండు సగటుల మధ్య విలువ 21.6. పేట్రియాట్స్ స్కోరు 21.6కి 15.1 కలిపి 9.1 తీస్తే 27.6. బేర్స్ స్కోరు 21.6కి 7.0 కలిపి 4.6 తీస్తే 24.0. పేట్రియాట్స్ 3.6 పాయింట్లు ముందు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అంచనా తేడాకీ అసలు తేడాకీ మధ్య స్టాండర్డ్ డీవియేషన్ (ఫలితం అంచనాకి ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలత) 13.5 దగ్గర పెట్టుకుంటే చాలు. ఆ లెక్కన పేట్రియాట్స్‌కి గెలుపు అవకాశం 60 శాతం. తటస్థ మైదానం కాబట్టి హోమ్ అడ్వాంటేజ్ కలపకండి.

వేరే ఏళ్ల జట్లకీ ఇదే సూత్రం. 1972 డాల్ఫిన్స్‌కి మాత్రం ఒక కోత ఉంది. 17-0 అని చూడగానే మొగ్గు అటే పోతుంది గానీ, రెగ్యులర్ సీజన్‌లో వాళ్లు ఎదుర్కొన్న జట్లలో ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్నవి రెండే, చీఫ్స్, జెయింట్స్. రెండూ 8-6. షెడ్యూల్ బలం చూడకుండా వాళ్ల ప్లస్ 15.3ని ఉన్నదున్నట్టు వాడితే మిగతావాళ్లకి అన్యాయం. నేనైతే రెండు మూడు పాయింట్లు తీసేస్తాను.

ఎంవీపీ_నికెల్

సిరిపురం గారూ, కూడికలు తీసివేతలతో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాయింట్లు సున్నా కిందికి పోవు కదా. నీరసమైన అటాక్‌ని 76 స్టీలర్స్ లాంటి డిఫెన్స్ మీదికి తోలితే, మీ సూత్రం ఒక్కోసారి నాలుగైదు పాయింట్లకో ఇంకా కిందికో దిగుతుంది. అందుకని నిష్పత్తులతో గుణించాలి.

బేర్స్ డిఫెన్స్ లీగ్ సగటులో 0.58 వంతు ఇచ్చింది. పేట్రియాట్స్ అటాక్ సగటుకి 1.70 రెట్లు వేసింది. రెండూ గుణించి 21.6తో మళ్లీ గుణిస్తే 21.1 చుట్టూ వస్తుంది. బేర్స్ అటాక్ 1.33, పేట్రియాట్స్ డిఫెన్స్ 0.79, అదే పద్ధతిలో 22.6. ఇప్పుడు బేర్స్ ఒకటిన్నర పాయింట్లు ముందు, 54 శాతం. అవే అంకెలు, ఒక్క గుర్తు మారింది, గెలిచే జట్టు మారిపోయింది!

రెండు పద్ధతుల్నీ జరిగిన మ్యాచ్ మీద పరీక్షించండి. 2013 సీజన్ సూపర్ బౌల్. బ్రాంకోస్ 606 వేసి 399 ఇచ్చారు, సీహాక్స్ 417 వేసి 231 ఇచ్చారు, లీగ్ సగటు 23.4. కూడిక పద్ధతిలో బ్రాంకోస్ ఒక పాయింటు పైచిలుకు ముందు. గుణకారంలో సీహాక్స్ నాలుగు పాయింట్లకి పైగా ముందు. జరిగింది 43-8, సీహాక్స్.

సిరిపురం_షీట్

ఒక్క మ్యాచ్‌తో పద్ధతి నెగ్గిందనడం కుదరదు నికెల్. 35 పాయింట్ల తేడాని మీ నాలుగు పాయింట్లూ చెప్పలేదు, నా ఒకటీ చెప్పలేదు. మేటి అటాక్ ఎదురైనప్పుడు గుణకారం మేటి డిఫెన్స్‌కి కాస్త ఎక్కువ తూకం వేస్తుంది. నేను కూడికకే కట్టుబడతాను. పోస్ట్ పెట్టిన తమ్ముడు కావాలంటే రెండింటి సగటు తీసుకోవచ్చు. అప్పుడు పేట్రియాట్స్ ఒక్క పాయింటు ముందు, అంటే దాదాపు సమానం. మిగిలిన తేడా రూల్సూ మ్యాచప్పులూ తేల్చాలి.

ఇంకోటి, సీజన్‌లో కొంత ముక్కే ఏరుకోవద్దు. 1976 స్టీలర్స్ మొదటి అయిదు మ్యాచ్‌ల్లో 1-4. చివరి తొమ్మిది మ్యాచ్‌ల్లో కలిపి ఇచ్చింది 28 పాయింట్లే, అందులో అయిదు షటౌట్లు (ఎదుటివాళ్లకి సున్నా). స్టీలర్స్ అభిమాని ఆ తొమ్మిదే లెక్కలోకి తెస్తాడు. తెస్తే పేట్రియాట్స్ వాళ్లు మొదటి ఎనిమిది మ్యాచ్‌ల 331 పాయింట్లు తెస్తారు. తర్వాతి ఎనిమిదిలో వాళ్లు వేసింది 258. ముక్కలు అందరికీ ఇవ్వండి, లేదా ఎవరికీ ఇవ్వొద్దు.

గాజువాక_రూల్‌బుక్

అంకెలకంటే ముందు తేలాల్సింది ఏ ఏడాది రూల్స్ అన్నది. 1977లో లీగ్ సగటు 17.2కి పడిపోయింది, 1942 తర్వాత అంత తక్కువ అదే. దాంతో 1978లో రెండు మార్పులు తెచ్చారు. స్క్రిమ్మేజ్ (ఆట మొదలయ్యే గీత) నుంచి అయిదు గజాలు దాటాక రిసీవర్‌ని డిఫెండర్ తాకకూడదు. అఫెన్సివ్ లైన్‌మెన్ (క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డు నిలిచేవాళ్లు) చేతులు చాచి, అరచేతులు తెరిచి బ్లాక్ చెయ్యొచ్చు. 2004లో ఆ అయిదు గజాల రూల్‌ని గట్టిగా అమలు చెయ్యడం మొదలైంది.

దీనివల్ల ఏమవుతుందంటే, 1976 రూల్స్‌తో ఆడితే స్టీలర్స్ కార్నర్ మెల్ బ్లౌంట్ మాస్‌ని అయిదు గజాలు దాటాక కూడా నెట్టగలడు. 2007 రూల్స్‌తో ఆడితే అదే బ్లౌంట్ మొదటి క్వార్టర్‌లోనే జెండాల (పెనాల్టీల) మీద జెండాలు తెచ్చుకుంటాడు. ఇల్లీగల్ కాంటాక్ట్‌కి అయిదు గజాలే గానీ ఎదుటివాళ్లకి ఆటోమేటిక్ ఫస్ట్ డౌన్ (మళ్లీ మొదటి నుంచి నాలుగు ప్రయత్నాలు) కూడా దక్కుతుంది, మూడో డౌన్ మీద అది ప్రాణాంతకం. వేర్వేరు రూల్స్ కాలాల జట్లు తలపడితే ఫస్ట్ హాఫ్ పాత జట్టు నాటి రూల్స్, సెకండ్ హాఫ్ కొత్త జట్టు నాటి రూల్స్ పెట్టండి. ఓవర్‌టైమ్ వస్తే టాస్ వేసి రూల్‌బుక్ తేల్చండి. పాయింట్ల సవరణ రెండు మూడు దాటనివ్వొద్దు. దాటితే రూల్ పేరుతో అభిమానం దూరుతుంది.

టూ పాయింట్ కన్వర్షన్ (టచ్‌డౌన్ తర్వాత ఇంకో రెండు పాయింట్ల ప్రయత్నం), క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో, రెండూ 1994లో వచ్చాయి. బేర్స్ మ్యాచ్‌లో పాత రూల్స్ నడిచినంతసేపు బ్రేడీకి సైడ్‌లైన్ నుంచి చేతి సైగలే.

రోస్టర్ కూడా చూసుకోండి. 1972లో జట్టుకి 40 మంది, 1985లో 45, ఇప్పుడు 53. ఎదుటి జట్టు నలుగురు రిసీవర్లని దించితే 40 మంది జట్టులో దింపడానికి సరిపడా డిఫెన్సివ్ బ్యాక్‌లు ఉండరు, లైన్‌బ్యాకర్‌తోనే సరిపెట్టాలి. డాల్ఫిన్స్ లైన్ సంగతీ అంతే. లారీ లిటిల్ 265 పౌండ్లు, అవతల పేట్రియాట్స్ డిఫెన్సివ్ లైన్‌లో విన్స్ విల్‌ఫోర్క్ 325. టైమ్ మెషిన్‌లో ఉన్నవాళ్లని ఉన్నట్టే దింపుతున్నారా, లేక ఎదుటి కాలంలో పుట్టి ఆ తిండి, ఆ జిమ్ దొరికినట్టు అనుకుంటున్నారా? ఇది ముందే రాసి పెట్టకపోతే ప్రతి ఆదివారం ఇదే గొడవ. సిరిపురం గారి లెక్క రెండోదాన్ని నమ్ముకుని నడుస్తుంది.

వేదిక మాత్రం కప్పు ఉన్న స్టేడియమే పెట్టండి. మన పీఎం పాలెం స్టేడియంలో 120 గజాల పొడవు, 53 గజాల పైచిలుకు వెడల్పు నిక్షేపంగా పడతాయి గానీ, మే నెల ఉక్కలో 300 పౌండ్ల లైన్‌మెన్ మూడో క్వార్టర్‌కి బోర్లా పడతారు. మయామీ ఎండలో ఆడిన డాల్ఫిన్స్‌కి కప్పు ఊరికే ఇచ్చేసినట్టే.

పెందుర్తి_పాస్‌రష్

అంకెలు సమానం దగ్గర ఆగాయి కాబట్టి మ్యాచప్ చూద్దాం.

46లో సెంటర్ మీదా ఇద్దరు గార్డుల మీదా నేరుగా ముగ్గురు డిఫెన్సివ్ లైన్‌మెన్ కూర్చుంటారు. దాంతో గార్డులు పక్కవాళ్లకి సాయం చెయ్యలేరు, అంచున ఉన్న రిచర్డ్ డెంట్ టాకిల్‌తో (లైన్ చివర బ్లాక్ చేసేవాడితో) ఒంటరి పోరులో ఉంటాడు. లైన్‌బ్యాకర్లు మార్షల్, విల్సన్ ఇద్దరూ టైట్ ఎండ్ (లైన్ పక్కనే నిలబడే రిసీవర్) వైపు నిలబడతారు, ఒక సేఫ్టీ కిందికి దిగుతాడు. బాక్స్‌లో, అంటే లైన్ దగ్గర, ఎనిమిది మంది. ఆ సీజన్‌లో 64 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) ఊరికే రాలేదు. కానీ ఎనిమిది మంది ముందుంటే వెనక ముగ్గురే. ఇద్దరు రిసీవర్లు, ఒక టైట్ ఎండ్, ఇద్దరు బ్యాక్‌లు ఉన్న 1985 నాటి అఫెన్స్ మీద అది చెల్లుతుంది.

ఎక్కడ బెడిసికొట్టిందో 1985 డిసెంబర్ 2న మయామీ చూపించింది. మయామీ కోచ్ షూలా ముగ్గురు రిసీవర్లని దించి, నాట్ మూర్‌ని స్లాట్‌లో (లైన్‌కీ బయటి రిసీవర్‌కీ మధ్య) పెట్టాడు. బేర్స్ డిఫెన్స్ కోచ్ బడ్డీ ర్యాన్ అయిదో డిఫెన్సివ్ బ్యాక్‌ని తేకుండా తన వరసనే నమ్ముకున్నాడు. మయామీ క్వార్టర్‌బ్యాక్ మరీనో పాకెట్ (బ్లాకర్ల మధ్య చోటు) నుంచి పక్కకి జరుగుతూ విసిరాడు. హాఫ్‌టైమ్‌కి 31-10, చివరికి 38-24. ఆ సీజన్‌లో బేర్స్ ఓడింది ఆ ఒక్కటే. 2007 పేట్రియాట్స్‌కి స్లాట్‌లో వెస్ వెల్కర్, 112 క్యాచ్‌లు. వాళ్లు షాట్‌గన్‌లో (క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కి కొన్ని గజాలు వెనక నిలబడి) ముగ్గురు నలుగురు రిసీవర్లతో ఆడేది ఏదో ఒక్క రాత్రి ఎత్తుగడ కాదు, రోజూ తినే అన్నం. 46 మీద లైన్‌బ్యాకర్ వెల్కర్ వెనక పరిగెడుతున్న మ్యాచ్‌లో నేను బేర్స్ మీద రూపాయి పెట్టను.

అయితే ర్యాన్ 46 వదిలి మామూలు ఫోర్ త్రీలో (నలుగురు లైన్‌మెన్, ముగ్గురు లైన్‌బ్యాకర్లు) నికెల్, అంటే అయిదో డిఫెన్సివ్ బ్యాక్‌ని, పెడితే కథ మారుతుంది. ఆ 2007 సీజన్ సూపర్ బౌల్‌లో పేట్రియాట్స్‌ని జెయింట్స్ ఓడించింది ఎనిమిది మందిని మీదికి తోలి కాదు. ఎక్కువగా నలుగురితోనే రష్ చేసి, డిఫెన్సివ్ ఎండ్ జస్టిన్ టక్‌ని లోపలికి జరిపి, మిగతా ఏడుగురిని వెనక ఉంచారు. అయిదు శాక్‌లు, 17-14. డెంట్, హాంప్టన్, మెక్‌మైకేల్ ఉన్నప్పుడు బేర్స్‌కి ఆ పని కష్టం కాదు. ర్యాన్ పట్టు వీడతాడా అన్నదే ప్రశ్న. మయామీలో హాఫ్‌టైమ్‌కి హెడ్ కోచ్ డిట్కాతో గొడవ అయ్యింది దీని మీదే.

షీట్‌లో ఇలా పెట్టండి: ఫస్ట్ హాఫ్ 46, పేట్రియాట్స్‌కి రెండు పాయింట్లు. సెకండ్ హాఫ్ నికెల్, బేర్స్‌కి ఒకటి. ఆఖరి క్వార్టర్‌లో పేట్రియాట్స్ లైన్‌బ్యాకర్ల వయసు కోసం బేర్స్ రన్నింగ్ బ్యాక్ పేటన్ పేరు మీద ఇంకొక పాయింటు. సియావ్, బ్రుస్కీ ఆ ఏడు కుర్రాళ్లేం కాదు. బేర్స్ క్వార్టర్‌బ్యాక్ మెక్‌మాహన్‌కి వేరే సెల్ ఉంచండి. 1985లో అతను మొదలుపెట్టింది 16లో 11 మ్యాచ్‌లే, మిగతా అయిదు స్టీవ్ ఫుల్లర్. ఆటకి ముందు 1 నుంచి 16 వరకు ర్యాండమ్ అంకె తీసి, 5 లేదా అంతకంటే తక్కువ వస్తే ఫుల్లర్‌ని దింపండి, బేర్స్‌కి మూడు పాయింట్లు కోత.

మధురవాడ_మూడోడౌన్

మెక్‌మాహన్ సెల్ అదిరింది, బేర్స్ గ్యాంగ్ అప్పుడే లబోదిబోమంటోంది. రెండు పద్ధతుల సగటే ఖాయం చేశాం, అన్ని జట్లూ వాళ్ల ఎదుటి కాలంలో పుట్టినట్టే అనుకుంటున్నాం. ఇంకొక్క సందేహం. మ్యాచ్‌ని ఒక్కసారే ఆడించాలా, వెయ్యిసార్లు ఆడించి ఎక్కువసార్లు గెలిచినవాళ్లని ముందుకి పంపాలా?

సిరిపురం_షీట్

ఒక్కసారే. వెయ్యిసార్లు ఆడించి మెజారిటీ చూస్తే 55 శాతం ఉన్నవాడే దాదాపు ప్రతిసారీ నెగ్గుతాడు, సంచలనం అన్నది ఉండదు. అప్పుడు తెర ముందు కూర్చోవడం దేనికి, జాబితా ప్రింట్ తీసి పంచేస్తే సరి.

వెయ్యి వరసలు మాత్రం ముందు రోజు సూత్రం సరిచూసుకోవడానికి వాడండి. ఒక సెల్‌లో అంచనా తేడా, పక్క సెల్‌లో 13.5. మూడో సెల్‌లో నార్మ్ డాట్ ఇన్వ్ ఫంక్షన్, దాని లోపల వరసగా రాండ్, ఆ తేడా, ఆ 13.5. దాన్ని వెయ్యి వరసలు కిందికి లాగి, సున్నా కంటే ఎక్కువ వచ్చినవి లెక్కపెట్టండి. తేడా 3.6 పెట్టినప్పుడు 600కి అటూ ఇటూగా రావాలి. దానికి బాగా దూరంగా వస్తే ఎక్కడో ప్లస్ మైనస్‌లు తారుమారయ్యాయి, సాధారణంగా డిఫెన్స్ సెల్‌లో.

ఆట రోజు జాగ్రత్త, రాండ్ ఏ సెల్ ముట్టుకున్నా మళ్లీ తిరుగుతుంది. ఫలితం తెర మీద పడ్డాక ఎవడో పక్క సెల్‌లో జట్టు పేరు సరిదిద్దితే గెలిచినవాడు ఓడిపోతాడు. ముందే ఫార్ములాస్ మెనూలో కాలిక్యులేషన్‌ని మాన్యువల్‌కి మార్చండి, అందరి ముందూ ఎఫ్9 ఒక్కసారి నొక్కండి, వెంటనే ఆ సెల్‌ని కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌లో వ్యాల్యూస్‌గా అతికించండి. తేడా అర పాయింటు లోపు వస్తే ఓవర్‌టైమ్, టాస్ వేసి గాజువాక గారి రూల్‌బుక్ తియ్యండి. ఎఫ్9 నొక్కే మనిషి మాత్రం బేర్స్ వాడూ కాకూడదు, పేట్రియాట్స్ వాడూ కాకూడదు.