తుఫాను కన్నా వాయుగుండం చిన్నదని ఎవరన్నారు? గాలి వేగంతోనే కొలవాలా?

సింగ్‌నగర్ వాసి:
నిన్న టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు, "అమెరికా టోర్నడోల ముందు మన తుఫాన్లు ఏపాటివి? అక్కడ గాలి గంటకు 480 కిలోమీటర్లు" అన్నాడు. అంకె తప్పు కాదు, 1999లో ఓక్లహోమాలో రాడార్‌తో ఆ దరిదాపుల్లోనే కొలిచారు. కానీ గాలిని బట్టి పెద్దదీ చిన్నదీ అనుకునే ఈ అలవాటే మా ఇంటిని ముంచింది.

2024 ఆగస్టు 31న రోజంతా వాన. మా అన్నయ్య ఫోన్ చేసి, "పిల్లల్ని తీసుకుని వచ్చేయరా" అంటే, "తుఫానేం కాదులే అన్నయ్యా, వాయుగుండమే" అన్నాను. వాయుగుండమంటే గాలి గంటకు 50 కిలోమీటర్ల లోపే. 62 దాటితేనే తుఫాను అంటారు, అప్పుడే పేరు పెడతారు. పేరు కూడా లేని ఆ వాయుగుండం తీరం దాటింది ఎక్కడో కళింగపట్నం దగ్గర. తెల్లారేసరికి బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా వీధిలో ఉంది. నీళ్లు హాల్లో దేవుడి పటం కింది అంచు దాకా వచ్చాయి. గోడకు రెండుసార్లు రంగు వేయించాను. ఇప్పటికీ సరిగ్గా ఆ ఎత్తులోనే చెమ్మ పొంగి పెచ్చులూడుతోంది.

అందుకే, గాలివానలన్నిటిలోకీ వినాశకరమైనది తుఫానే అని అందరూ అనే మాట నేను ఒప్పుకోను.

గుంటూరు లెక్కల మాస్టారు:
మీ బాధ అర్థమైందండీ. కానీ ఒక ఊరు మునిగిందని కొలమానమే మార్చేస్తే ఎలా? టోర్నడో వెడల్పు మామూలుగా కొన్ని వందల మీటర్లు. చాలా వరకు పది నిమిషాల్లో ముగిసిపోతాయి. తుఫాను వందల కిలోమీటర్ల మేర రోజుల తరబడి తిరుగుతుంది. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లో వచ్చిన టోర్నడోకు సుమారు 1,300 మంది చనిపోయారు, ప్రపంచంలో అంతమందిని చంపిన టోర్నడో మరొకటి లేదు. అదే నేల మీద 1970 నవంబరు తుఫానుకు పోయినవాళ్లు తక్కువలో తక్కువ 3 లక్షలు. ఈ తేడా చూశాక ఇంకా వాదన ఏముంది? ఇంకో మాట, కటువుగా ఉంటే మన్నించండి. సింగ్‌నగర్‌ను ముంచింది వాయుగుండం కాదు. వాగు దారిలో మనం కట్టుకున్న ఇళ్లు.

దివిసీమ మనిషి (ఇప్పుడు ఉండేది గుంటూరు):
మాస్టారి వైపే నేను. అయితే చంపేది గాలి కాదని కూడా చెప్పాలి. 1977 నవంబరు 19 గురించి మా నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పినా గాలి మాట ఎత్తేది కాదు. చీకట్లో నోట్లోకి పోయిన నీళ్లు ఉప్పగా తగిలాయట. అప్పుడు తెలిసిందట, వచ్చింది కృష్ణమ్మ కాదు, సముద్రమని.

ఆ తుఫాను తీరం దాటింది చీరాల వైపు. ఉప్పెన మింగింది మాత్రం దివిసీమను. మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందువల్ల తుఫాను నడిచే దారికి కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమవైపున వెనక్కి లాగుతుంది. ఆ తుఫాను దారికి కుడివైపున ఉన్నది దివిసీమే. సుమారు 5 మీటర్ల ఎత్తున నీళ్లొచ్చాయి. సర్కారు లెక్కలోనే పదివేల మంది పోయారు. 1864లో బందరులో అయితే 30 వేలంటారు.

1990 మేలో మళ్లీ అంతటి తుఫానే ఈ తీరానికే వచ్చింది. ఈసారి మృతులు వెయ్యి లోపే. జనాన్ని ముందే లక్షల్లో తరలించారు, తలదాచుకోను తుఫాను షెల్టర్లున్నాయి. తుఫాను అనే మాటకున్న భయమే వాళ్లను ఇల్లు కదిలించింది. ఆ భయాన్ని తగ్గించే మాటలు దయచేసి మాట్లాడకండి.

బాపట్ల రైతు:
2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి 100 కిలోమీటర్లకు అటూ ఇటూ. మీ లెక్కల్లో అది చిన్నదే అవుతుంది. కోసిన వరి పనల మీదే ఉంది. నీళ్లు తీశాక పన ఎత్తి చూస్తే, వెన్నుకున్న గింజలకే తెల్లగా మొలకలు. నా చెయ్యి పైకి లేవలేదండీ. అదే వాన ఆగస్టులో పడితే చెరువు నిండిందని సంతోషించేవాణ్ణి. గాలీ నీళ్లూ సరే, ఏ నెలలో వచ్చిందో కూడా చూడండి.

సింగ్‌నగర్ వాసి:
రైతన్నా, మీ మాట నాకు తట్టనే లేదు. నిజం.

మాస్టారూ, వాగును ఆక్రమించామన్నది కాదనను. మా వీధి కూడా అందులో భాగమే. కానీ మైలవరం కొండల్లో కురిసిన వానంతా వచ్చి పడింది, బుడమేరు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది, బ్యారేజీ కట్టాక అంత వరద చూడలేదు. అంత నీటిని తెచ్చింది 50 కిలోమీటర్ల గాలి కూడా లేని వాయుగుండమే కదా! నేల ఎక్కాక సముద్రపు వేడి అందక గాలి వేగం తగ్గుతుంది, మోసుకొచ్చిన తేమ ఎక్కడికీ పోదు.

దివిసీమ వారూ, తుఫానంటే భయం తగ్గాలని నేననలేదు. ఆ భయంలో కొంతైనా వాయుగుండానికీ ఉండాలంటున్నాను. హెచ్చరికలో గాలి అంకెతో పాటు, "మీ వార్డులో నీళ్లు ఎంత ఎత్తు రావచ్చు" అన్న ముక్క కూడా చెబితే ఆ రాత్రి మా అన్నయ్య మాట వినేవాణ్ణి. ఇప్పుడైతే టీవీలో వాయుగుండం అని వినబడగానే పిల్లల సర్టిఫికెట్లు, అమ్మ బీపీ మాత్రలు ఒక సంచిలో వేసి పై అంతస్తు వాళ్లింట్లో ఇచ్చి వస్తున్నాను. మా వీధిలో ఇంకా చాలామంది, "తుఫాను కాదుగా" అనే అడుగుతున్నారు.