పది ముర్రా గేదెలకు షెడ్డు: మేస్త్రి చెప్పిన 45 × 16 సరిపోతుందా?

పాడి_సూర్యాపేట:
పది ముర్రా గేదెలు, ఒకే వరస. బోరు పక్కన జాగా ఉంది, నేల కొంచెం తూర్పుకు వాలు. మేస్త్రి చెప్పింది ఇదీ: 45 అడుగుల పొడవు, 16 వెడల్పు, పొడవు ఉత్తర దక్షిణాలుగా. చుట్టూ ఏడడుగుల గోడ, పైన జీఐ (జింకు పూత ఇనుప) రేకులు, లోపల నున్నగా సిమెంటు ఫ్లోరింగ్. రేకులకు అడ్వాన్స్ ఇచ్చేశాను. పునాది ఇంకా తియ్యలేదు. ఏమన్నా మార్చాలా అన్నా?

కొలతబద్ద:
పునాది తియ్యకముందు అడగడం మంచిదైంది. ముందు వెడల్పు లెక్క చూడండి. మేత పంచే దారి 4 అడుగులు, గాడి (మేత వేసే తొట్టి) రెండున్నర, గేదె నిలబడే చోటు 6, మూత్రం కాలువ 1, వెనక పేడ ఎత్తే దారి 4. పదిహేడున్నర అయింది. 16లో ఇరికించమంటే మేస్త్రి కోసేది మేత దారినే. రెండున్నర అడుగుల దారిలో తోపుడు బండి పట్టదు, రోజూ గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని పక్కకి తిరిగి నడవాలి. 18 చెయ్యండి.

పొడవులో గేదెకు 4 అడుగుల చొప్పున 40. మిగతా 5 అడుగులు ఆ చివర నుంచి ఈ చివరకు తిరగడానికి. ఈనే గేదెకూ దూడలకూ ఇందులో చోటే లేదు. ఈనే గది 10 × 12 కావాలి, దూడకు పదకొండు చదరపు అడుగులు. ఇప్పుడు కట్టకపోయినా ఒక చివర ఇరవై అడుగులు ఖాళీ వదలండి.

పొడవు మాత్రం తూర్పు పడమరగా తిప్పండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ దాదాపు నడినెత్తిన ఉంటుంది, రేకు దాన్ని ఆపుతుంది. చంపేది మూడింటి తర్వాత పడమటి ఎండ. ఉత్తర దక్షిణాలుగా కడితే ఆ ఎండ 45 అడుగుల పొడవునా లోపలికి కొడుతుంది. తిప్పితే 18 అడుగుల పడమటి గోడ ఒక్కటి పైదాకా లేపితే చాలు. తలలు ఉత్తరానికి, తోకలు దక్షిణానికి పెట్టండి. డిసెంబరులో పొద్దు దక్షిణంగా వాలుతుంది కదా, మూడడుగుల చూరు ఉన్నా నడిమధ్యాహ్నం పేడ దారి మీద దాదాపు మూడడుగుల ఎండ పడుతుంది, పొద్దునా సాయంత్రం ఇంకా లోపలికి వస్తుంది. తడి ఆరేది దానితోనే. అందుకే దక్షిణాన గోడ వద్దు, రెండు వరసల పైపు కట్టండి. మూడడుగుల గోడ కట్టినా ఆ ఎండంతా గోడ నీడే మింగేస్తుంది. ఉత్తరాన కూడా తెరిచే ఉంచండి.

పేడబుట్ట:
కొలతలు బాగానే ఉన్నాయి. నా గొడవ నేల గురించి. ‘నున్నగా’ అన్న మాట కొట్టేయించండి. నున్నటి సిమెంటు మీద మూత్రం పడితే గేదె వెనక కాళ్లు రెండూ పక్కలకు జారిపోతాయి. అలా చీలబడ్డ గేదె లేవడం కష్టం, చూడిదైతే మరీ.

అడుగున మొరం ఆరంగుళాలు పోసి నీళ్లు కొట్టి దిమ్మిస చెయ్యాలి. దాని మీద 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు నాలుగంగుళాలు. 40 × 6 అడుగుల నిలబడే చోటుకు 80 ఘనపుటడుగులు, అంటే సిమెంటు 14–15 బస్తాలు, ఇసుక 35 ఘనపుటడుగులు, 20 ఎంఎం కంకర 70. బొటనవేలితో నొక్కితే అచ్చు పడి నీరు ఊరని సమయం చూసి, 12 ఎంఎం చువ్వ అద్ది గీతలు వెయ్యండి: సెంటీమీటరు లోతు, నాలుగంగుళాల దూరం, ఐమూలగా డైమండ్ వచ్చేట్టు. పది రోజులు నీళ్లు నిలపండి. మూడు వారాల దాకా పశువును ఎక్కించొద్దు.

గాడి నుంచి కాలువకు ఆరడుగుల్లో ఒకటిన్నర అంగుళం వాలు చాలు. ఎక్కువిస్తే బరువంతా వెనక కాళ్ల మీద పడుతుంది.

అందరూ తప్పేది కాలువ దగ్గరే. 40 అడుగులకు కనీసం ఆరంగుళాల వాలు కావాలి. నేల సమంగా పోసి కాలువను మాత్రం వాలుగా తవ్వితే ఒక చివర రెండంగుళాలు, ఇంకో చివర ఎనిమిది అంగుళాల లోతు వస్తుంది. ఆ ఎనిమిది అంగుళాల్లో గిట్ట పడితే కాలు మెలిపడుతుంది. కాలువ ఆ చివరా ఈ చివరా రెండు మూడంగుళాలే ఉండాలి, అడుగు గుండ్రంగా ఉండాలి. వాలు మొత్తం నేలకూ గాడికీ కలిపి ఇవ్వాలి. మీ నేల ఎలాగూ తూర్పుకే వాలింది. పొడవు తూర్పు పడమరగా తిప్పితే ఆ ఆరంగుళాలు మట్టి పొయ్యకుండానే వచ్చేస్తాయి. లెవెల్ ట్యూబుతో దారం కట్టించండి, కంటి చూపుకు వదలొద్దు.

పాడి_సూర్యాపేట:
గీతలు వేస్తే పేడ ఇరుక్కుంటుంది, కడగలేరు అంటున్నాడు మేస్త్రి. ఇంకోటి, జీఐ రేకులు తీసుకోవాల్సిందేనా?

పేడబుట్ట:
అరంగుళం దాటి లోతు పెడితే ఇరుక్కుంటుంది, ఆ మాట నిజమే. సెంటీమీటరు అయితే గట్టి చీపురుకు వచ్చేస్తుంది. ఐమూల గీత కాలువ వైపే దిగుతుంది కాబట్టి నీళ్లు నిలవవు. కాలువకు సమాంతరంగా గీస్తేనే మూత్రం నిలుస్తుంది.

కొలతబద్ద:
అడ్వాన్స్ ఇచ్చాక రేకులు వదులుకోవడం ఎందుకు, వాడుకోవచ్చు. చూరు దగ్గర 8 అడుగులు, కొప్పు (కప్పు నడిమి ఎత్తు) దగ్గర 12 పెట్టండి. కొప్పు మూసెయ్యకుండా అడుగు సందు వదిలి పైన టోపీ రేకు వేస్తే వేడి గాలి పైకి పోతుంది. మే రాకముందే రేకుల మీద సున్నమో తెల్ల పెయింటో కొట్టండి. కింద తాటాకు చాపలు కడితే ఇంకా తేడా తెలుస్తుంది. గడ్డి రేకుల మీద పరవొద్దు, ఎలుకలూ నిప్పు భయమూ. వరిగడ్డి వాము కూడా షెడ్డుకు ఆనించొద్దు.

జీఐ పైపు స్తంభాలు నేల మట్టం దగ్గరే తుప్పు పడతాయి, మూత్రం తగిలేది అక్కడే. ఒక్కో స్తంభం చుట్టూ అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మె కట్టించండి, దిమ్మె పైభాగం బయటికి వాలుగా.

గాడి అడుగు గేదె నిలబడే నేల కన్నా ఐదారు అంగుళాలు ఎత్తు ఉండాలి, మూలలు గుండ్రంగా ఉండాలి, ఒక చివర బిరడా పెట్టే రంధ్రం ఉండాలి. మూలల్లో మిగిలిన దాణా పులిస్తే గేదె ఆ గాడిలో మూతి పెట్టదు. పది గేదెలకు తాగడానికే రోజుకు 600–800 లీటర్లు కావాలి. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఎండలో పెడితే మధ్యాహ్నం ఆ నీళ్లు ముట్టవు, చెట్టు కిందో పడమటి గోడకు తూర్పు వైపునో పెట్టండి.

పేడబుట్ట:
పేడ గుంట తూర్పు చివర, కాలువ పడే చోటే తవ్వండి. రోజుకు 150 నుంచి 200 కిలోలు వస్తుంది. రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్‌కు 50 కిలోలు చాలు. గుంట బోరుకు ఎంత దూరంలో పడుతుందో మాత్రం ఇంకా చెప్పలేదు మీరు.