ఒంగోలు ఇంట్లో చిన్న హాలు: 5.1 రిసీవరా, స్టీరియో ఆంప్లిఫయరా?

ఒంగోలు కుర్రోడు:
అన్నలూ, కొత్త ఇంటికి మారాం. హాలు 12 అడుగులు బై 15, కింద అంతా చీమకుర్తి గ్రానైట్, ఒక పక్క గోడ లేకుండా వంటింటి వైపు తెరిచే ఉంటుంది. సోఫా వెనక గోడకి ఆనించేశాం, ముందుకి జరిపే చోటు లేదు. నాన్నకి పొద్దున్నే ఘంటసాల, బాలు పాటలు కావాలి, మాకు రాత్రిపూట ఓటీటీలో సినిమాలు. ఇప్పుడు టీవీలో మాటలు వినపడవు, ఫైట్ వస్తే మాత్రం చెవులు పోతాయి, రిమోట్ చేతిలో పెట్టుకునే సినిమా చూస్తున్నాం. 60 వేలు దాటొద్దని ఇంట్లో ఆర్డర్. షాపులో అడిగితే అన్నీ ఒకే డబ్బాలో వచ్చే సెట్టు చూపించి 1000 వాట్లు అంటున్నాడు. తీసేసుకోనా, లేక విడిగా 5.1 రిసీవర్ (అయిదు స్పీకర్లకీ, బాస్ కోసం ఒక సబ్‌వూఫర్‌కీ సౌండ్ పంచే మెషీన్) కొననా, రెండు స్పీకర్లకే పనికొచ్చే స్టీరియో ఆంప్లిఫయర్ కొననా?

కావలి నుంచి:
వద్దు బ్రదర్. నేను అట్టాంటిదే కొని మోసపోయా. మూడేళ్లకి మెయిన్ యూనిట్ పోయింది, స్పీకర్లు శుభ్రంగా ఉన్నాయి కానీ వాటి పిన్నులు ఆ కంపెనీకే పనికొస్తాయి, ఇంక దేనికీ పట్టవు. అయిదు స్పీకర్లూ అటక మీద ఉన్నాయి. ఇక ఆ 1000 వాట్ల సంగతి, అన్ని ఛానళ్లవీ (ఒక్కో స్పీకర్‌కి పోయే లైను ఒక్కో ఛానల్) కలిపేసి చెప్పే అంకె అది. విడి రిసీవర్లకైనా డబ్బా మీద పెద్ద అంకె ఒక్క ఛానల్‌కి, 6 ఓంల దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో, అంటే సౌండ్ పగిలిపోయే స్థాయిలో కొలిచింది అయ్యుంటుంది. మీరు చూడాల్సింది 8 ఓంలు, 20 హెర్ట్‌జ్ నుంచి 20 కిలోహెర్ట్‌జ్, రెండు ఛానళ్లు అని రాసిన చిన్న అంకె. అది 70, 80 ఉంటే మీ హాలుకి చాలు. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొంచెమే తేడా.

నెల్లూరు సౌండ్:
మా బాబాయి ఇంట్లో సరిగ్గా ఇదే హాలు, ఇదే గ్రానైట్. ముందు ఒక పని చేయండి, హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. 'టింగ్' అని ఏదో తోక లాగా మోగితే మీ సమస్యలో సగం అదే, ఏ రిసీవర్ పెట్టినా మాటలు అలికినట్టే వస్తాయి. టీవీకి సోఫాకి మధ్య మందపాటి తివాచీ, కిటికీలకి బరువైన కర్టెన్లు వేశాకే షాపుకి పోండి.

నా మాటైతే 5.1 రిసీవరే కొనండి, కానీ స్పీకర్లు రెండింటితో మొదలుపెట్టండి. డబ్బులో ఎక్కువ భాగం ఆ రెండు ముందు స్పీకర్ల మీదే పెట్టండి. రిసీవర్ సెట్టింగ్‌లో సెంటర్ (మాటలు వచ్చే మధ్య స్పీకర్) లేదు, సరౌండ్ (పక్కనో వెనకో పెట్టే జత) లేదు అని చెబితే ఆ ఛానళ్లలో ఉన్నదంతా ఈ రెండింటిలోకే కలిపి పంపిస్తుంది, ఏదీ పోదు. నాన్నగారి పాత పాటలు చాలావరకు మోనో, రెండు స్పీకర్లూ ఒకటే పాడి గొంతు సరిగ్గా మధ్యలో నిలబడుతుంది. అన్ని స్పీకర్లలోనూ ఒకే పాట మోగించే 'ఆల్ ఛానల్ స్టీరియో' మోడ్ జోలికి మాత్రం పోకండి, పెళ్లి పందిట్లో మైకు పెట్టినట్టుంటుంది.

ఓటీటీ 5.1 కి మామూలు ఆర్క్ పోర్టు (టీవీ సౌండ్‌ని రిసీవర్‌కి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) చాలు. టీవీలో ఆడియో అవుట్‌పుట్ పీసీఎం మీద ఉంటే చాలా టీవీలు రెండు ఛానళ్లే పంపిస్తాయి, దాన్ని బిట్‌స్ట్రీమ్‌కి (సౌండ్‌ని విప్పకుండా ఉన్నదున్నట్టు రిసీవర్‌కి పంపే సెట్టింగ్) మార్చాలి. నేను చూసిన ఇళ్లలో సగం మంది అది మార్చకుండానే సరౌండ్ రాలేదని కంప్లయింట్.

ఇంకోటి, రిసీవర్‌ని మూసిన టీవీ యూనిట్‌లో పెట్టొద్దు. రోహిణి కార్తెలో మా బాబాయిది ఊరికే ఆగిపోతుంటే ఏందా అని చూస్తే, పిన్ని దాని మీద అల్లిన గుడ్డ కప్పి, పైన కొండపల్లి బొమ్మ పెట్టింది. గాలి రంధ్రాలన్నీ మూసుకుపోయాయి.

చీరాల:
పైన అన్న చెప్పింది కరెక్టే కానీ సెంటర్ విషయంలో ఒప్పుకోను. రెండు స్పీకర్లతో మాటలు మధ్యలోంచి వచ్చినట్టు అనిపించేది మధ్యలో కూర్చున్నోడికే. సోఫా చివర కూర్చున్నోళ్లకి అన్నీ ఆ పక్క స్పీకర్‌లోంచే వస్తాయి. నలుగురు చూసే ఇల్లు కాబట్టి రెండో కొనుగోలు సెంటర్, అదీ ముందు స్పీకర్ల సిరీస్‌లోదే. సబ్‌వూఫర్ ఆ తర్వాత. సోఫా గోడకి ఆనించి ఉంది, ఒక పక్క గోడే లేదు, అలాంటప్పుడు సరౌండ్ జత ఆఖర్న చూసుకోవచ్చు, అసలు కొనకపోయినా నష్టం లేదు.

ఒంగోలు కుర్రోడు:
చప్పట కొట్టా, బాగా మోగింది. నాన్న గదిలోంచి వచ్చి "ఎవరికిరా ఆ చప్పట్లు" అన్నాడు. తివాచీ ఆదివారం తెస్తా. రిసీవర్, రెండు స్పీకర్లు ఇప్పుడు, సెంటర్ సంక్రాంతికి. నాన్న ఒకటే అడుగుతున్నాడు, సినిమా పెట్టకుండా టీవీ ఆపేసి పాటలు ఒక్కటీ వినొచ్చా అని?

నెల్లూరు సౌండ్:
వినొచ్చు. బ్లూటూత్ ఉన్న రిసీవర్ తీసుకోండి, ఫోన్‌లోంచి పెట్టుకుంటారు, టీవీ ఆన్ చేసే పనే లేదు.